గోడకాగితం వెనక ఫీజుల పట్టిక

ఇంగ్లండులో క్లిథరో అనే ఊళ్ళో డెస్మండ్ ఆగ్డెన్ తన పడకగదికి గోడకాగితం అతికించుకోగా ఒక చుట్ట మిగిలింది. దాని ముందువైపు నీలి గంటపూలు. వెనకవైపు, మూడేళ్ళుగా, పదకొండు కంపెనీల ఫీజులు. సాయంత్రం భోజనమయ్యాక నడవాలో ఆ చుట్ట పరిచి, మళ్ళీ చుట్టుకుపోకుండా, పచ్చిక మీద దొర్లించి ఆడే బౌల్స్ ఆట బంతులు అటొకటీ ఇటొకటీ పెట్టి, మోకాళ్ళ కింద దిండు వేసుకుని, చెవికి పెన్సిల్ దోపుకుని కూర్చునేవాడు. స్నానాలగదికి వెళ్ళాలంటే అతని భార్య నోరీన్ గోడకు వీపు ఆనించి ఎండ్రకాయలా పక్కకు నడవాల్సి వచ్చేది.

డెస్మండ్‌ది పోల్చిచూసే పుట్టుక. నలభై ఏళ్ళు బస్సు కంపెనీలో టైంటేబుళ్ళు వేసి రిటైరైనవాడు. టీ పెట్టె కొంటే ఒక్కో పొట్లానికి ఎంత పడిందో రసీదు వెనక లెక్క కట్టందే పెట్టె విప్పడు. లీటరుకు రెండు పెన్నీలు తక్కువని పెట్రోలు కోసం పక్కూరికి పోతాడు. ఆ పోవడానికి కాలిన పెట్రోలు మాటేమిటని అడిగితే వాతావరణం గురించి మాట్లాడతాడు. అయితే ఈ గోడకాగితం సంగతి వేరు. ఇది పిసినారితనం కాదు. భయం.

నోరీన్ పేరు మీద ఐసా అనే పొదుపు ఖాతా ఒకటి ఉంది. అందులో వేసిన సొమ్ము ఎంత పెరిగినా సర్కారు పన్ను జోలికి రాదు. కాకపోతే ఏడాదికి ఇరవై వేల పౌన్లకు మించి వేయనివ్వదు. నోరీన్ బడి వంటశాలలో పనిచేస్తూ, శని ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళకు పెళ్ళి కేకులు చేసి, ఇరవై ఆరేళ్ళు కొంచెం కొంచెంగా కూడబెట్టిందంతా అందులోనే ఉంది. ఎనభై ఆరు వేల పౌన్లు. దాన్ని ఫండ్లలో పెట్టి లెక్క చూసే కంపెనీ ఏటా నూరు పౌన్లకు నలభై అయిదు పెన్నీలు కోసుకుంటుంది. వినడానికి చిల్లరే. ఎనభై ఆరు వేల మీద లెక్క కడితే మాత్రం ఏడాదికి మూడు వందల ఎనభై ఏడు పౌన్లు. ఖాతాలో ఎంతున్నా నెలకు అయిదో ఆరో తీసుకుని ఊరుకునే కంపెనీలు వేరే ఉన్నాయి. మారితే మంచిదని ఇద్దరికీ తెలుసు. ఎక్కడికన్నదే తేలదు.

ఒకచోట నెల ఫీజు తక్కువ, కొన్నప్పుడల్లా మళ్ళీ రుసుము. ఒకచోట అన్నీ చవక, వదిలి వెళ్ళిపోతానంటే మాత్రం పిండుతారు. ఒకచోట మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది సంగతి అక్షరం కనపడనంత చిన్నగా వేస్తారు. డెస్మండ్ పదకొండో వరస పూర్తి చేసేసరికి మొదటి వరస కంపెనీ రేట్లు మార్చేసేది. రబ్బరుతో చెరిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. చెరిపి చెరిపి ఒకచోట కాగితం అరిగి అవతలివైపు గంటపువ్వు కనిపిస్తోంది.

ఆ భయానికి మూలం పంతొమ్మిదేళ్ళ కిందటిది. అప్పుడు నోరీన్ కేకుల సొమ్ము పదకొండు వేలు అతని చేతికిచ్చి, ఎక్కడైనా పెట్టు డెస్ అంది. అతను ఒక రంగురంగుల పుస్తకం చూసి, ఎక్కడో ఎండలు మండే దేశంలో టేకు చెట్లు పెంచే కంపెనీకి ఒక్క సాయంత్రంలో సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఏడాదిన్నరలో కంపెనీ మాయమైంది. అసలు చెట్లు నాటారో లేదో కూడా తెలియలేదు. ఆ సంగతి వంటింట్లో నిలబడి చెబితే నోరీన్ అతన్ని ఒక నిమిషం చూసి, "టీకి నీళ్ళు పెట్టనా?" అంది. అంతే. ఆ రోజు గానీ తరవాత గానీ ఇంకో మాట లేదు. తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది. మాటల్లో పెట్టలేనంత పెద్ద తప్పు చేశానని డెస్మండ్ ఆనాడే తీర్మానించుకున్నాడు.

అందుకే మూడేళ్ళ కిందట నోరీన్ ఫీజు కాగితం చూసి, ఇది మరీ ఎక్కువగా ఉంది, నువ్వు చూడరాదూ అన్నప్పుడు అతని గుండె లేచి కూర్చుంది. మళ్ళీ నన్ను నమ్మింది అనుకున్నాడు. ఈసారి తప్పు జరగడానికి వీల్లేదు. ఒక్క పెన్నీ కూడా.

నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషం అన్నదీ వాళ్ళే. డెస్మండ్ మొదటిది మాత్రమే విన్నాడు.

మార్చిలో బౌల్స్ క్లబ్బు వాళ్ళు బెంచీలకు రంగు వేస్తుంటే ఈ గోడకాగితం కథ బయటపడింది. క్లబ్బులో గోర్డన్ బిబ్బీ అని ఒకడున్నాడు. పూర్వం ఇనప సామాను కొట్టు ఉండేది. లోకంలో ఏ పనైనా తనకు పది నిమిషాలే అంటాడు. అతను పెన్సిల్ కూడా పట్టకుండా నోటితోనే లెక్క కట్టాడు: మారితే ఏటా మూడు వందల పదిహేను మిగులు, మూడేళ్ళు మారలేదు, అంటే వెయ్యికి యాభై అయిదు తక్కువ.

"ఖరీదైన కంపెనీ ఏదో నేను చెబుతాను, నోరీన్," అన్నాడు బిబ్బీ, కుంచె డబ్బాలో ముంచుతూ. "మీ ఆయన. మూడేళ్ళకి వెయ్యి పౌన్లు ఫీజు."

బెంచీల దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. నోరీన్ కూడా నవ్వింది. డెస్మండ్ వేసిన చోటే మళ్ళీ మళ్ళీ రంగు వేస్తూ ఉండిపోయాడు. తానైతే తన ఐసా సొమ్ము పాత చోట నుంచి తీసి కొత్త చోట వేశాననీ, అంగడి మారినట్టే, దానికి ఇంత శాస్త్రం దేనికనీ బిబ్బీ చెప్పుకుపోయాడు. నోరీన్ అది శ్రద్ధగా వినడం డెస్మండ్ చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ అయిదున పడింది. పన్నుల సంవత్సరం ముగిసేదీ ఆ రోజే. దానికి ముందు గురువారం డెస్మండ్ సంతకు పోయి, మూడు కొట్లలో ధర అడిగి నాలుగో కొట్లో వెన్న కొనుక్కుని ఇంటికొచ్చాడు. నోరీన్ వంటింట్లో ఈస్టరు కేకు చేస్తోంది. పైన పెట్టడానికి బాదం ముద్దను ఉండలు చేస్తోంది. ఏసు శిష్యులకు తలా ఒకటి చొప్పున పదకొండు ఉండలు; పన్నెండోవాడు, ద్రోహం చేసిన యూదాకు ఉండ పెట్టరు.

"ఆ చుట్ట ఇంక మడిచి అటకెక్కించెయ్, డెస్," అంది తల ఎత్తకుండానే. "నేను చేసేశాను."

"ఏం చేశావ్?"

"ఐసా. అంతా అమ్మేసి, డబ్బు తీసేశాను. నిన్న బ్యాంకులో పడింది, ఎనభై ఆరు వేలూ. నీ పట్టికలో ఏది బాగుందో చెప్పు, భోజనం లోపల వేసేద్దాం."

డెస్మండ్ చేతిలో వెన్న అలాగే ఉంది. అది బల్ల మీద పెట్టాలని కూడా తోచలేదు.

"తీసేశావా? బదిలీ కాగితం పెట్టలేదా?"

"కాగితం దేనికి? డబ్బు నాదే కదా. ఏవో ఎర్ర అక్షరాలొచ్చాయి. అన్నిటికీ వస్తాయి కదా అని సరే అని నొక్కాను."

అతను కూర్చుని, గొంతు పెంచకుండా, బస్సు తప్పిపోయిన ముసలమ్మకు చెప్పినట్టు చెప్పాడు. ఐసాలో ఉన్న డబ్బును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ తనంతట తానే తీసుకోవాలి. దానికే ఆ రెండు పేజీల కాగితం. మన చేత్తో బయటికి తీస్తే అది మామూలు డబ్బు. మళ్ళీ లోపలికి వేయాలంటే ఏడాదికి ఇరవై వేలే. ఇరవై ఆరేళ్ళు పట్టిన దాన్ని తిరిగి గూట్లో పెట్టడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, అందాకా దాని మీద వచ్చేదానికి పన్ను కట్టుకోవాలి. బిబ్బీ తీసిందల్లా పదిహేను వేలు, ఇరవైకి లోపే గనుక బతికిపోయాడు. ఆ సంగతి అతనికే తెలియదు.

నోరీన్ చేతిలో బాదం ఉండ పట్టుకుని కుర్చీలో కూలబడింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ముఖంలో రంగు పోవడం డెస్మండ్ చూసింది రెండుసార్లే. ఆమెను అలా చూడగానే, విచిత్రంగా, అతని భయం పక్కకు తప్పుకుంది. లేచి నడవాలోకి వెళ్ళి చుట్ట విప్పాడు. అది అటు వీధి తలుపు దాకా దొర్లింది.

పట్టికలో పదిహేడు గళ్ళు ఉన్నాయి. ఫీజులకు ఆరేడు చాలు. మిగతావి అతని చాదస్తం: ఫోను ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది, మాట్లాడేది మనిషా యంత్రమా, అలాంటివి. పదిహేడో గడి రెండేళ్ళ కిందట ఒక వానరోజు ఏమీ తోచక గీసింది. మోకాళ్ళ మీద పాకుతూ అక్కడికి వెళ్ళి, వాళ్ళ పాత కంపెనీ వరసలో ఆకుపచ్చ పెన్సిల్‌తో తన అక్షరాలే తాను చదువుకున్నాడు: తీసిన సొమ్ము అదే పన్నుల ఏడాదిలో తిరిగి వేస్తే తీయనట్టే లెక్క.

"నోరీన్," అని పిలిచాడు. "ఇది అందరూ ఇవ్వరు. పదకొండు మందిలో నలుగురే. మనవాళ్ళు ఇస్తారు."

పాత కంపెనీకి ఫోను చేస్తే గ్లాస్గో యాసలో ఒకాయన అది నిజమేనన్నాడు. ఆదివారం అర్ధరాత్రి లోపల తమకు చేరినదంతా పాత ఐసాలోకే పోతుంది; కార్డు మీద అంత మొత్తం తీసుకోము, బ్యాంకు నుంచి పంపాలి అన్నాడు. బ్యాంకు చూస్తే రోజుకు పాతిక వేలకు మించి పంపనివ్వదు. ఎక్కువ పంపాలంటే శాఖకు వెళ్ళాలి. క్లిథరో శాఖ మూసేసి రెండేళ్ళయింది, అక్కడిప్పుడు కాఫీ కొట్టు. పోనీ పక్క పట్టణానికి వెళ్దామంటే గంట నాలుగున్నర, రేపు గుడ్ ఫ్రైడే.

డెస్మండ్ వేళ్ళు మడిచాడు. గురువారం పాతిక, శుక్రవారం పాతిక, శనివారం పాతిక, ఆదివారం పదకొండు. ఎనభై ఆరు. సరిగ్గా సరిపోయింది. చివరి బస్సు అందుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

నోరీన్ మొదటి పాతిక వేలు పంపింది. రెండు నిమిషాల్లో బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. మోసగాళ్ళు ముసలివాళ్ళను బెదిరించి డబ్బు పంపించుకుంటున్నారు గనుక పెద్ద మొత్తాలకు బ్యాంకువాళ్ళు ఇలా అడుగుతుంటారు. మాట్లాడింది ఒకావిడ. డెస్మండ్ భార్య భుజం పక్కనే నిలబడి, చెప్పాల్సినవి కవరు మీద రాసి చూపిస్తున్నాడు.

"మిసెస్ ఆగ్డెన్, ఈ డబ్బు పంపమని మిమ్మల్ని ఎవరైనా తొందరపెడుతున్నారా?"

"ఆదివారం లోపల పంపకపోతే కొంప మునిగినట్టేనని మావారన్నారు," అంది నోరీన్.

"మీ పక్కన ఎవరైనా నిలబడి ఏం మాట్లాడాలో చెబుతున్నారా?"

గండం గట్టెక్కిందన్న సంతోషంలో నోరీన్‌కు నోటిదూల ఆగలేదు. "ఆఁ, ఉన్నాడమ్మా. నలభై నాలుగేళ్ళుగా అదే పని మీద ఉన్నాడు."

అవతల నవ్వు వినిపించలేదు. మర్యాదగా, మెత్తగా, ఈ చెల్లింపు ఆపేస్తున్నామంది ఆవిడ. రేపు పదింటికి మళ్ళీ ఫోను చేస్తామని, అప్పుడు గదిలో ఖాతాదారు ఒక్కరే ఉండాలని చెప్పింది. మిసెస్ ఆగ్డెన్‌కు ఏదైనా సాయం కావాలంటే ఫలానా నంబరుకు ఎప్పుడైనా చేయవచ్చనీ చెప్పింది. నోరీన్ ఫోను పెట్టేసి నోటికి కొంగులా ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

డెస్మండ్ మళ్ళీ వేళ్ళు మడిచాడు. ఇక శుక్ర, శని, ఆది. మూడు పాతికలు డెబ్బై అయిదు. పదకొండు వేలు బయట ఉండిపోతాయి.

పదకొండు వేలు. అదే అంకె. ఆ సంగతి పైకి అనకుండా చుట్ట చుట్టి మూలన పెట్టాడు. ఆ సాయంత్రం నడవా ఖాళీగా ఉంది. నోరీన్ పక్కకు నడవాల్సిన పని లేకపోయినా అలవాటు కొద్దీ పక్కకే నడిచింది. డెస్మండ్ టీవీ ముందు కూర్చుని ఏమీ చూడలేదు. తీసింది నోరీనే అయినా, మూడేళ్ళు నానబెట్టింది తను కాబట్టి పాపం తనదేననుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ వాన. పది కావస్తుండగా నోరీన్ అతని చేతిలో గొడుగు పెట్టి తోటలోకి పంపింది. రూబర్బ్ మొక్కల పక్కన నిలబడితే వంటింటి కిటికీ కనిపిస్తుంది. లోపల ఆమె చెవి దగ్గర ఫోను, కదిలే పెదవులు. ఏమంటోందో వినిపించదు. రాసి చూపించడానికి కవరు లేదు. మళ్ళీ ఏమైనా నోరు జారుతుందేమోనని రెండుసార్లు కిటికీ వైపు అడుగు వేసి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. ఇంత సేపు ఏమీ చేయకుండా నిలబడడం అతనికి ఇదే మొదటిసారి.

పావుగంటకు నోరీన్ తల మీద తువ్వాలు కప్పుకుని బయటికొచ్చి అతని గొడుగు కిందికి దూరింది.

"వెళ్ళిపోయాయి, పాతిక వేలూ," అంది. "మంచిదే ఆ పిల్ల. ఇంట్లో భయపెట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నాడు, రూబర్బ్ పక్కన తడుస్తున్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు అన్నాను. ఈసారి నవ్విందిలే."

డెస్మండ్ నవ్వలేదు. "పదకొండు వేలు మిగిలిపోతాయి, నోరీన్. అప్పుడూ పదకొండు వేలే."

"ఎప్పుడు?"

"చెట్లప్పుడు."

ఆమె నిజంగానే ఆలోచించాల్సి వచ్చింది. అది చూసి డెస్మండ్ తెల్లబోయాడు.

"ఆ టేకు చెట్లా? అవి ఇంకా మోస్తున్నావా నువ్వు?"

"నువ్వు ఒక్క మాటా అనలేదు. టీకి నీళ్ళు పెట్టనా అన్నావు, అంతే. పంతొమ్మిదేళ్ళుగా అది నా చెవిలోనే ఉంది. నన్ను తిట్టడానికి కూడా నీకు మాటలు దొరకలేదనుకున్నాను."

నోరీన్ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "డెస్, నాకు టీ తాగాలనిపించింది. ఆ రోజు మూడంతస్తుల కేకుకు పొద్దున ఆరింటినుంచీ పూలు చేస్తూ నిలబడే ఉన్నాను. కాళ్ళు లాగేస్తున్నాయి."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? వారం రోజులు ఉంది. ఆ వారమంతా నీకు మాడిన బంగాళాదుంపలే పెట్టాను. బాగున్నాయని తిన్నావు."

వాన గొడుగు మీద గట్టిగా కొట్టింది. డెస్మండ్‌కు ఆ వారం గుర్తొచ్చింది. బంగాళాదుంపలు నిజంగానే బాగున్నాయి. పంతొమ్మిదేళ్ళు తాను మోసిన బండరాయి ఒక కప్పు టీ అని తెలిస్తే మనిషికి ఏడుపొస్తుందో నవ్వొస్తుందో చెప్పడం కష్టం. అతనికి రెండూ ఒకేసారి వచ్చాయి. ముక్కు చీదుకోవడానికి గొడుగు ఆమె చేతికిచ్చాడు.

"మరి నాతో చెప్పకుండా ఎందుకు తీశావ్? బిబ్బీ ఎగతాళి చేశాడనా?"

"బిబ్బీ మొహం. నువ్వు రోజూ అలా మోకాళ్ళ మీద పడుండడం చూడలేకపోయాను. ఫీజు పోతే పోనీ అని ఎన్నిసార్లో అనబోయాను, నీ పట్టుదల చూసి నోరు మూసుకున్నాను. నేనే చేసేస్తే, పాడైనా నా వల్లే పాడవుతుంది కదా, నువ్వు లేచి వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంటావు కదా అనుకున్నాను." ఆమె తువ్వాలుతో అతని చెవి వెనక కారుతున్న నీళ్ళు తుడిచింది. "పాడు చేశానుగా. ఇక నీదొకటి, నాదొకటి. చెరిసమానం."

తరవాత నోరీన్, రొట్టెలో ఉప్పు సంగతి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"ఏడాదికి ఇరవై వేలు వేయొచ్చన్నావు. ఆ కొత్త ఏడాది ఎప్పుడు మొదలవుతుంది?"

"సోమవారం," అన్నాడు డెస్మండ్. అని, మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం లోపల డెబ్బై అయిదు వేలు పాత లెక్కలో. సోమవారం పదకొండు వేలు కొత్త ఏడాది లెక్కలో. ఇరవైకి ఇంకా తొమ్మిది తక్కువే. మూడేళ్ళ పట్టికలో, పదిహేడు గళ్ళలో, ఈ ముక్క రాయడానికి అతను ఒక గడి గీయలేదు. గీయడానికి అది ఫీజు కాదు, క్యాలెండరు.

"నువ్వు బస్సు కంపెనీలో ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"నీలాంటి వాళ్ళతోనా? కేకులే నయం."

ఆ తరవాత అంతా పండగే. శనివారం పాతిక వేలు పంపి చేపలు తెచ్చుకున్నారు. ఈస్టరు ఆదివారం చర్చి నుంచి వచ్చి, టోపీ తీయకుండానే నోరీన్ మూడో పాతిక వేలు పంపింది. బ్యాంకు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా డెస్మండ్ చెప్పకుండానే తోటలోకి నడిచాడు. రూబర్బ్ పక్కన కలుపు అంతా పీకేశాడు. సోమవారం పొద్దున చివరి పదకొండు వేలు కొత్త ఏడాదిలోకి చేరాయి. మధ్యాహ్నం ఇద్దరూ కేకు డబ్బా పట్టుకుని బౌల్స్ క్లబ్బుకు వెళ్ళారు. ఆ రోజే పచ్చిక మీద ఆట సీజను మొదలు.

కేకు కోసేటప్పుడు గోర్డన్ బిబ్బీ లెక్కపెట్టి, ఉండలు పన్నెండున్నాయేమిటని అడిగాడు. గురువారం ఆ కంగారులో నోరీన్ లెక్క తప్పింది. ఇంటి దగ్గరే చూసుకుంది, తీసేయలేదు.

"ఒకటి యూదాది," అంది నోరీన్. "నీకోసమే చేశాను, గోర్డన్. అంగడి మారినట్టే అని చెప్పావు చూడు, దానికి."

ఎందుకో బిబ్బీకి అర్థం కాలేదు. డెస్మండ్ విడమరిచి చెప్పాక కొంచెం ఎర్రబడ్డాడు. తనకు మాత్రం పని జరిగింది కదా అని గొణిగి, ఉండ తినేశాడు. బెంచీల దగ్గర వాళ్ళు ఈసారి అతన్ని చూసి నవ్వారు. డెస్మండ్ ఆ రోజు ఆటలో ఇరవై ఒకటికి పధ్నాలుగుతో ఓడిపోయి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

మంగళవారం వంటింటి బల్ల మీద బదిలీ కాగితం పెట్టుకుని నోరీన్ కూర్చుంది. రెండు పేజీలే. డబ్బంతా మళ్ళీ పాత చోటే, నూరుకు నలభై అయిదు పెన్నీల దగ్గరే ఉంది. పేరు, పుట్టిన తేదీ, పాత కంపెనీ పేరు రాసి, కొత్త కంపెనీ పేరు దగ్గర కలం ఆపింది.

"ఏది?" అంది.

"నువ్వు చెప్పు," అన్నాడు డెస్మండ్. "డబ్బు నీది."

"చూసింది నువ్వు. నేను నీమీద వదిలేశాను మూడేళ్ళ కిందట. ఇప్పుడూ అంతే."

డెస్మండ్ చుట్ట బల్ల మీద పరిచాడు. పదకొండు వరసలు. అరిగిన చోట గంటపువ్వు నీలంగా కనిపిస్తోంది. అతని వేలు మొదటి వరస మీద పడి, రెండోదానికి జారి, నాలుగో దగ్గర ఆగింది.

"ఇది. నెలకు ఆరు, ఏడాదికి డెబ్బై రెండు. కాకపోతే మే నెలలో వీళ్ళు రేట్లు మార్చవచ్చని ఎక్కడో..." అని ఆగాడు. "ఇదే."

"ఖాయమేనా?"

"ఖాయం కాదు. అయినా ఇదే."

నోరీన్ పేరు రాసింది. సంతకం పెట్టింది. డెస్మండ్ గోడ గడియారం చూశాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె కలానికి మూత పెట్టి, అతన్ని ఒక నిమిషం చూసింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే వంటింట్లో చూసిన చూపే అది. ఇన్నాళ్ళకు డెస్మండ్ దాన్ని సరిగ్గా చూశాడు. అందులో అలసట ఉంది, కొంచెం నవ్వు ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

"టీకి నీళ్ళు పెట్టనా?" అంది నోరీన్.

"పెట్టు," అన్నాడు డెస్మండ్. "నాకూ తాగాలనిపిస్తోంది."